రెయిడ్ ఉందన్న ధీమా ఎంతవరకు?

బరంపురంలో కాస్త నిలదొక్కుకున్న ఫోటో స్టూడియోకో, ఆడిటర్ ఆఫీసుకో, స్కానింగ్ సెంటర్‌కో వెళితే, రౌటర్ పక్కన చిన్న నల్లపెట్టె ఒకటి లైట్లు మినుకుమినుకుమంటూ కనిపించడం ఈమధ్య మామూలైపోయింది. దాన్ని అందరూ నాస్ అంటారు. నెట్‌వర్క్ మీద ఆఫీసులోని కంప్యూటర్లన్నిటికీ ఫైళ్లు అందించే స్టోరేజి సర్వర్ అది. అమ్మేవారు ఇచ్చే కొటేషన్ కాగితం మీద ‘4 బే, 32 టీబీ, రెయిడ్ 5, డ్యూయల్ ల్యాన్, స్నాప్‌షాట్, రిమోట్ యాక్సెస్’ అని ఒకే వరుసలో రాసి ఉంటుంది. కొనేవారు అందులో టీబీల (టెరాబైట్ల) అంకెనూ, అడుగున ఉన్న మొత్తాన్నీ చూసి, మిగిలినదంతా తెలిసినవాళ్ల వ్యవహారమని వదిలేస్తారు. నా వాదన ఏమిటంటే, వాళ్లు వదిలేసిన ఆ మాటల్లోనే అసలు సరుకు ఉంది. అందులో ప్రతి మాట వెనకా ఒక నిర్దిష్టమైన నష్టం ఉంటుంది. అది ఏ నష్టాన్ని ఆపుతుందో, దేన్ని ఆపలేదో కొనేవారే అడిగి తెలుసుకోవాలి. అలా అడిగితే, మన ఊళ్లలో ఎక్కువగా అమ్ముడుపోతున్న పెట్టె మనలో చాలామందికి అక్కర్లేదనీ, అంతకంటే చిన్నదానితో సరిపెట్టుకొని మిగిలిన డబ్బు వేరేచోట పెట్టాలనీ తేలుతుంది.

ఛత్రపురం నుంచి ఇచ్ఛాపురం దాకా, పడమట పర్లాకిమిడి వరకు, దుకాణాలకూ ఆఫీసులకూ నెట్‌వర్క్ పనులు చేసిపెట్టడం నా వృత్తి. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, కొటేషన్‌లో ఇంగ్లీషు నడిచే ఈ ప్రాంతంలో, తెలియని మాటను ఇంకోసారి అడగడానికి పెద్దవాళ్లు మొహమాటపడటం నేను తరచూ చూస్తుంటాను. పట్టు బేరం దగ్గరా, స్థలం కాగితాల దగ్గరా ఒక్క అక్షరం కూడా వదలని మనుషులు ఈ పెట్టె దగ్గరికి వచ్చేసరికి ‘నీకు తెలుసు కదా బాబూ, మంచిది చూసి పెట్టెయ్’ అంటారు. ఆ నమ్మకం ముచ్చటగానే ఉంటుంది గానీ, అటువంటి నమ్మకం మీద బతికే అమ్మకందారులు అందరూ ఒకేలా ఉండరు.

ముందు పెట్టె సంగతి చెప్పుకుందాం. నాస్‌లో ప్రాసెసర్, మెమరీ, సొంత ఆపరేటింగ్ సిస్టమ్ అన్నీ ఉంటాయి. చాలావాటిలో లోపల నడిచేది లినక్సే. యూఎస్‌బీ హార్డ్‌డిస్క్‌ను కంప్యూటర్ తానే నేరుగా చదువుకుంటుంది. నాస్‌లో ఉన్న ఫైలును మాత్రం నెట్‌వర్క్ మీద అడిగి తెప్పించుకుంటుంది. అలా అడిగే పద్ధతుల్లో విండోస్ వాడేది ఎస్ఎంబీ, దాని మూలాలు 1980లలో ఐబీఎంలో ఉన్నాయి. యూనిక్స్ వైపు నుంచి వచ్చింది ఎన్ఎఫ్ఎస్, దాన్ని 1984లో సన్ మైక్రోసిస్టమ్స్ తెచ్చింది. ఈ రెండు పద్ధతుల్లోనూ పెట్టె ఫైలును ఫైలుగానే ఇస్తుంది, ఎవరు ఏది తెరిచారో తానే చూసుకుంటుంది. కొటేషన్‌లో ఐస్కజీ (iSCSI) అని ఉంటే అక్కడ జరిగేది వేరు. పెట్టె తన డిస్క్‌లో కొంత భాగాన్ని అలాగే ఒక కంప్యూటర్‌కు అప్పగిస్తుంది, ఆ కంప్యూటర్ దాన్ని తన సొంత డిస్క్‌లా ఫార్మాట్ చేసుకుంటుంది. ఆ భాగాన్నే రెండు విండోస్ కంప్యూటర్లకు ఒకేసారి తగిలిస్తే ఒకటి రాసినది రెండోదానికి తెలియక ఫైళ్ల పట్టిక పాడైపోతుంది. నలుగురు ఎడిటర్లు ఒకే పెళ్లి ఫోల్డరు మీద పనిచేసే స్టూడియోకు కావలసింది ఎస్ఎంబీ షేర్ మాత్రమే. ఐస్కజీ కోసం అదనంగా ఒక్క రూపాయి ఇవ్వనవసరం లేదు.

టీబీల లెక్క గురించి ఎక్కువ చెప్పను. డిస్క్ తయారీదారులు వెయ్యి చొప్పున లెక్కిస్తారు, విండోస్ 1024 చొప్పున లెక్కిస్తుంది, అందువల్ల 4 టీబీ డిస్క్ తెర మీద దాదాపు 3.64గా కనబడుతుంది. ఈ రెండు లెక్కలకూ వేర్వేరు పేర్లు ఉండాలని అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 1998లోనే నిర్ణయించినా విండోస్ మాత్రం దారికి రాలేదు. ఇందులో మోసం ఏమీ లేదు, దుకాణదారుతో తగువు పడవలసిన పనీ లేదు. అయితే కొన్ని డిస్క్‌లను కలిపి ఒకటిగా నడిపించే రెయిడ్ కట్టాక ఎంత మిగులుతుందన్నది మాత్రం తప్పకుండా అడగవలసిన లెక్కే. 32 టీబీ అని రాసిన పెట్టెలో నాలుగు 8 టీబీ డిస్క్‌లు ఉంటే, రెయిడ్ 5 కింద వాడుకోవడానికి దొరికేది 24 టీబీ, రెయిడ్ 6 కిందైతే 16 టీబీ.

రెయిడ్ అన్న ఆలోచనకు ఆ పేరు పెట్టి ప్రపంచానికి పరిచయం చేసినది బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాటర్‌సన్, గిబ్సన్, కాట్జ్ 1988లో రాసిన పత్రం. ఖరీదైన పెద్ద డిస్క్ ఒకటి కొనే బదులు చవకైన చిన్న డిస్క్‌లను వరుసగా పేర్చి పని చేయించవచ్చన్నది వాళ్ల ప్రతిపాదన. డిస్క్‌ల సంఖ్య పెరిగేకొద్దీ వాటిలో ఏదో ఒకటి చెడిపోయే అవకాశం కూడా పెరుగుతుంది కాబట్టి, ఒకటి పోయినా పని ఆగకుండా అదనపు సమాచారాన్ని మిగతావాటిలో దాచాలన్నారు. అంటే రెయిడ్ పుట్టుకలోనే దాని హద్దు ఉంది: డిస్క్ అనే యంత్రం చెడిపోవడం అన్న ఒక్క నష్టానికే అది సమాధానం. రెయిడ్ 1 రెండు డిస్క్‌లలోనూ ఒకటే రాస్తుంది. రెయిడ్ 5 మూడు అంతకు మించిన డిస్క్‌ల మీద సమాచారాన్ని పరిచి, ఒక డిస్క్‌కు సరిపడా ప్యారిటీని, అంటే పోయినదాన్ని తిరిగి లెక్కకట్టే అదనపు సమాచారాన్ని, అన్నిటిలో పంచి పెడుతుంది. రెయిడ్ 6లో ఆ ప్యారిటీ రెండు డిస్క్‌లకు సరిపడా ఉంటుంది. రెయిడ్ 0లో ఇలాంటి రక్షణ ఏదీ లేదు, వేగం మాత్రమే ఉంటుంది. డిస్క్‌లలో ఏ ఒక్కటి పోయినా అంతా పోతుంది.

‘రెయిడ్ వేయించాం కదా బాబూ, మళ్లీ ఇంకో డిస్క్ దేనికి?’ అని బడా బజార్ వైపు స్టూడియో నడుపుతున్న ఒక పెద్దాయన నన్ను నిలదీశారు. ‘డిస్క్ పాడైతే రెయిడ్ కాపాడుతుంది గురువుగారూ. మీ కుర్రాడు పొరపాటున ఫోల్డరు చెరిపేస్తే, రెండు డిస్క్‌లలోనూ అదే క్షణంలో చెరిగిపోతుంది’ అన్నాను. కార్బన్ పెట్టి రాసే బిల్లు పుస్తకంలో పై కాగితం మీద పడిన తప్పు కింది కాగితం మీద కూడా పడినట్టే, మిర్రర్‌లో (రెయిడ్ 1కే ఇంకో పేరు) ఉన్న రెండో డిస్క్ మొదటిదాని తప్పులను కూడా నమ్మకంగా దించుకుంటుంది. చెరిపివేత, వైరస్, దొంగతనం, పిడుగు, పైకప్పు కారడం, వీటిలో దేనికీ రెయిడ్ అడ్డు రాదు. పెద్దాయన కాసేపు ఆలోచించి, ‘మరి ఆ మాట అమ్మినవాడు చెప్పలేదేం?’ అన్నారు. ఆయన అడగలేదు కాబట్టి చెప్పలేదన్నది నిజమే గానీ, పెద్దాయన కోపంలోనూ న్యాయం ఉంది.

రెయిడ్ 5 గురించి ఇంకొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర కొటేషన్లు ఎక్కువగా దానిమీదే నడుస్తాయి. నాలుగు 8 టీబీ డిస్క్‌లలో ఒకటి పోయిందనుకుందాం. కొత్తది పెట్టగానే పెట్టె మిగిలిన మూడింటినీ మొదటి నుంచి చివరిదాకా చదివి, లెక్క కట్టి, కొత్తదాన్ని నింపాలి. దీన్నే రీబిల్డ్ అంటారు. సెకనుకు 150 మెగాబైట్ల చొప్పున ఆగకుండా నడిచినా 8 టీబీ నిండడానికి 15 గంటలు పడుతుంది, మధ్యలో ఎడిటర్లు పని చేసుకుంటూ ఉంటే అంతకు ఎన్నో రెట్లు సాగుతుంది. ఆ సమయమంతా రక్షణ ఏదీ ఉండదు. ఇంకో డిస్క్ పోతే మొత్తం పోయినట్టే. పైగా ఆ నాలుగూ ఒకే రోజు, ఒకే అట్టపెట్టెలోంచి తీసి బిగించినవి, ఒకే వేడిని, ఒకే కరెంటు ఒడుదుడుకులను అనుభవించినవి. ఒకటి అలిసిపోయిన నాటికి మిగిలినవి తాజాగా ఉంటాయని ఎలా అనుకోగలం? అటువంటి వాటి చేత గంటల తరబడి ఊపిరి సలపనివ్వకుండా పని చేయించడమే రీబిల్డ్. మామూలు డిస్క్‌ల వివరాల పత్రంలో 10^14 బిట్లు చదివినప్పుడు ఒక చదవలేని చోటు తగలవచ్చని రాస్తారు, అది 12.5 టీబీతో సమానం, మన రీబిల్డ్ చదవవలసింది 24 టీబీ. నిజజీవితంలో డిస్క్‌లు ఆ పత్రంలో రాసినదానికంటే మెరుగ్గానే నడుస్తాయి, నాస్ కోసమని అమ్మేవాటిలో కొన్నిటికి 10^15 అని కూడా రాస్తారు, కాబట్టి ఈ అంకెతో ఎవరినీ బెదిరించను. అయినా ఒక డిస్క్ పోయిన రోజున మిగిలినవాటి మీద అంత బరువు పెట్టే ఏర్పాటు, వెంటనే వచ్చి చూసే మనిషి లేని చిన్న ఆఫీసుకు సరికాదన్నదే నా అభిప్రాయం.

దీనికి తోడు డిస్క్ రకం ఒకటుంది. ఎస్ఎంఆర్ అనే పద్ధతిలో ట్రాక్‌లను ఒకదాని మీద ఒకటి కొంత కప్పుతూ రాస్తారు. అందువల్ల సామర్థ్యం పెరుగుతుంది గానీ, ఒకచోట తిరగరాయాలంటే పక్కవాటినీ తిరగరాయాలి. రీబిల్డ్ వంటి పనిలో అటువంటి డిస్క్ చతికిలపడి, గంటల్లో అయ్యేది రోజులకు పాకుతుంది. 2020లో, నాస్ కోసమని అమ్ముతున్న కొన్ని డిస్క్‌లలో సైతం ఈ పద్ధతి ఉందని బయటపడి పెద్ద గొడవే జరిగింది. బిల్లు మీద డిస్క్ మోడల్ నంబరుతో పాటు సీఎంఆర్ (ట్రాక్‌లు ఒకదాన్నొకటి కప్పుకోని మామూలు పద్ధతి) అని రాయించుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

రోజంతా రాత్రంతా నడిచే స్కానింగ్ సెంటర్‌కు పెట్టె ఒక్క గంట ఆగినా రోగులు ఇబ్బంది పడతారు; అటువంటివారు నాలుగు బేలకు (డిస్క్ పెట్టే అరలకు) వెళ్లాలి, వెళితే రెయిడ్ 6 పెట్టుకొని ఇంకో డిస్క్ చేతిలో ఉంచుకోవాలి. మిగిలినవారికి, అంటే స్టూడియోలకూ, డీటీపీ సెంటర్లకూ, ఆడిటర్ ఆఫీసులకూ, రెండు బేల పెట్టె, అందులో మిర్రర్ చేసిన రెండు డిస్క్‌లు చాలు. మిర్రర్‌లో రీబిల్డ్ అంటే ఒక డిస్క్‌ను చూసి ఇంకోదానిలో రాయడం మాత్రమే. మూడో డిస్క్, నాలుగో డిస్క్ కొనే డబ్బుతో యూపీఎస్ కొనాలి, బయట పెట్టే కాపీ కోసం ఇంకో డిస్క్ కొనాలి.

యూపీఎస్ చాలామంది దగ్గర ఉంటుంది, కానీ సగం ఉపయోగమే పొందుతుంటారు. చైత్ర వైశాఖాల్లో కాలబైశాఖి గాలులు లేచిన సాయంత్రాలు కరెంటు ఎన్నిసార్లు పోయి వస్తుందో ఇక్కడ ఉండేవారికి చెప్పనక్కర్లేదు. యూపీఎస్ వెనకవైపు యూఎస్‌బీ సాకెట్ ఒకటి ఉంటుంది. దానికి తగిన కేబుల్ అట్టపెట్టెలో అడుగున, గుజ్జు అట్టల కింద, ప్లాస్టిక్ కవర్ కూడా విప్పకుండా నాకు చాలాచోట్ల దొరికింది. ఆ కేబుల్‌ను నాస్‌కు తగిలిస్తే, బ్యాటరీ అడుగంటే ముందే యూపీఎస్ ఆ కబురు పంపుతుంది, పెట్టె రాస్తున్నది ముగించుకొని తనంతట తానే సక్రమంగా ఆగిపోతుంది. తగిలించకపోతే యూపీఎస్ చేసేదల్లా పదిహేను నిమిషాలు ఆలస్యంగా అదే దెబ్బ కొట్టడమే. ప్యారిటీ రాస్తుండగా సగంలో కరెంటు పోతే సమాచారం ఒక తీరుగా, దాని ప్యారిటీ ఇంకో తీరుగా మిగిలిపోవచ్చు. రైట్ హోల్ అనే ఈ లోపం రెయిడ్ 5కు పుట్టుకతో వచ్చినది. ఇన్వర్టర్ ఉంది కదా అనేవారికి ఒక మాట: ఫ్యాన్‌కూ లైట్‌కూ తెలియని ఆ రెప్పపాటు మార్పిడి నాస్‌కు తెలుస్తుంది.

స్నాప్‌షాట్ అన్నది కొటేషన్‌లో బాగా వెనక నిలబడే మాట, నా దృష్టిలో ముందుండవలసిన మాట. జెడ్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ వంటి ఫైల్ సిస్టమ్‌లు పాత సమాచారం మీద కొత్తది రాయకుండా వేరేచోట రాస్తాయి. అందువల్ల ‘ఈ గంటకు అన్నీ ఎలా ఉన్నాయో అలాగే గుర్తుంచుకో’ అని చెప్పడానికి వాటికి క్షణం పడుతుంది, మొదట్లో చోటు కూడా దాదాపు ఖర్చవదు. కుర్రాడు ఫోల్డరు చెరిపేసినా, ఏ కంప్యూటర్‌లోకో దూరిన, డబ్బు గుంజడానికి ఫైళ్లను బందీ చేసే రాన్సమ్‌వేర్ నాస్ మీద ఫైళ్లన్నిటికీ తాళాలు వేసినా, అంతకుముందు గంట స్థితికి వెనక్కి వెళ్లవచ్చు. రెయిడ్ ఆపలేని నష్టాన్ని ఇది ఆపుతుంది. కానీ స్నాప్‌షాట్‌లు ఉండేది అవే డిస్క్‌లలో. పెట్టెను ఎవరైనా ఎత్తుకుపోతే స్నాప్‌షాట్‌లూ దాంతోనే పోతాయి. అన్ని పెట్టెల్లోనూ ఈ సౌకర్యం ఉండదు, ఉన్న పెట్టెలో సైతం వాల్యూమ్ తయారు చేసేటప్పుడు సరైన ఫైల్ సిస్టమ్ ఎంచుకోకపోతే తర్వాత కుదరదు. మొదటి రోజు బిగించేటప్పుడే అడగాలి.

రాన్సమ్‌వేర్ మాట వచ్చింది కాబట్టి ఎస్ఎంబీలోని పాత రూపాన్ని గురించి కూడా చెప్పాలి. 2017 మే నెలలో ప్రపంచాన్ని కుదిపిన వానాక్రై, ఎస్ఎంబీ మొదటి రూపంలోని లోపాన్ని పట్టుకొనే ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు పాకింది. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి నెలలోనే మందు ఇచ్చినా వేసుకోనివారు దెబ్బ తిన్నారు. కొత్త నాస్‌లలో ఆ పాత రూపం మామూలుగా మూసే ఉంటుంది. అయినా మన ఆఫీసుల్లో దాన్ని మళ్లీ తెరిపించేది సాధారణంగా ఒక పాత జిరాక్స్ యంత్రం. దాని స్కానర్‌కు కొత్త ఎస్ఎంబీ రాదు. ఒక్క యంత్రం కోసం ఆఫీసు మొత్తానికి తలుపు తెరిచే బదులు, స్కాన్లు ఈమెయిల్‌కో పెన్‌డ్రైవ్‌కో పంపించుకోవడం మేలు.

ఇక నెట్‌వర్క్ వైపు వద్దాం. ‘నాస్ స్లోగా ఉంది, ఇంకా పెద్దది కొనాలేమో’ అన్నవారి ఆఫీసుకు వెళ్లి నేను మొదట చూసేది స్విచ్ మీది లైట్‌ను. చాలా స్విచ్‌లలో గిగాబిట్‌కు ఒక రంగు, 100 మెగాబిట్‌కు ఇంకో రంగు వెలుగుతుంది. 100 మెగాబిట్ వేగం కోసం కేబుల్‌లోని ఎనిమిది తీగల్లో నాలుగే పనిచేస్తాయి, గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. గోపాల్‌పూర్ వైపు ఉప్పుగాలికి చిలుము పట్టిన పిన్ను ఒక్కటి చాలు, సరిగ్గా క్రింప్ చేయని (కనెక్టర్‌లో నొక్కి బిగించని) తీగ ఒక్కటి చాలు, రెండు కొసల పరికరాలూ రాజీపడి 100కు దిగిపోతాయి, పని మాత్రం ఆగదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. 100 గిగాబైట్ల పెళ్లి ఫోల్డరు గిగాబిట్ మీద సెకనుకు 110 మెగాబైట్ల చొప్పున పదిహేను నిమిషాల్లో చేరుతుంది. 100 మెగాబిట్ మీద సెకనుకు 11 చొప్పున రెండున్నర గంటలు తీసుకుంటుంది. చిన్న ప్లాస్టిక్ కనెక్టర్ మార్చితే తీరే జబ్బుకు కొత్త పెట్టె కొనడం ఎంత దండగ!

డ్యూయల్ ల్యాన్ అన్న మాట కూడా వేగం పేరు చెప్పే అమ్ముతారు. రెండు కేబుళ్లను జోడించే లింక్ అగ్రిగేషన్ వల్ల, చాలామంది ఒకేసారి వాడినప్పుడు బరువు రెండింటి మీదా పంచబడుతుంది. మామూలు ఏర్పాటులో ఒక్క కంప్యూటర్ ఒక్క ఫైలును కాపీ చేసుకునే వేగం మాత్రం ఒక కేబుల్ వేగాన్ని దాటదు. దానికి తగిన స్విచ్ కూడా సాధారణంగా కావాలి. ముగ్గురు నలుగురు ఉన్న ఆఫీసు దీనిని పట్టించుకోనక్కర్లేదు. వారికి పనికివచ్చేది రౌటర్‌లో నాస్‌కు ఒక ఐపీ అడ్రస్ రిజర్వ్ చేయడం. ఆ పని చేయకపోతే, ఏదో ఒక రోజు కరెంటు పోయి వచ్చాక రౌటర్‌లో అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ ఆ పెట్టెకు వేరే నంబరు ఇస్తుంది, ఆ నంబరుతో ముడిపెట్టిన డ్రైవ్‌లన్నీ కంప్యూటర్ల మీద ఎర్ర గుర్తుతో నిలబడతాయి, నాకు ఫోన్ వస్తుంది.

రిమోట్ యాక్సెస్ విషయంలో నా అభిప్రాయం కఠినమైనదే. ఇంటి నుంచి ఫైళ్లు చూడాలన్న కోరిక సహజం, కానీ దానికోసం రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ చేసి నాస్ లాగిన్ పేజీని ఇంటర్నెట్ మొత్తానికి చూపించడం అనర్థం. 2022లో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ అలా బయటికి తెరిచి ఉన్న నాస్ పెట్టెలనే వెతికి వెతికి తాళాలు వేసింది. ఇప్పుడు చాలా కనెక్షన్లలో ఇంటర్నెట్ కంపెనీలు ఒకే పబ్లిక్ అడ్రస్‌ను ఎంతోమందికి పంచుతున్నాయి; రౌటర్‌లో బయటివైపు అడ్రస్ 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే మీరు ఆ పంపకంలో ఉన్నట్టే, పోర్ట్ ఫార్వర్డింగ్ చేసినా పనిచేయదు. దాన్ని లోపమని తిట్టుకునేవారిని చూశాను, నాకైతే అది అయాచితంగా దొరికిన కాపలా అనిపిస్తుంది. తప్పదనుకుంటే వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వేసే రహస్య దారి) పెట్టించుకోవాలి, అడ్మిన్ పేరుతో కాకుండా చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న పేరుతో లోపలికి రావాలి.

ఇంతవరకు చెప్పినవన్నీ పెట్టె క్షేమంగా ఉన్నప్పటి సంగతులు. అసలు పెట్టే లేకుండా పోతే? 2013 అక్టోబర్ 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు ఈ ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి శ్రీకాకుళం, గజపతి, గంజాం జిల్లాలను ఒకే దెబ్బతో కొట్టింది. బ్యాకప్ విషయంలో అందరూ చెప్పే 3-2-1 సూత్రం పీటర్ క్రోగ్ అనే ఫోటోగ్రాఫర్ పేరుతో ప్రచారంలోకి వచ్చినది: మూడు కాపీలు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే ఊళ్లో. ఆ వేరే ఊరు ఏదన్న దగ్గరే మనవాళ్లు పప్పులో కాలేస్తారు. ఇచ్ఛాపురంలో బావగారి ఇంట్లో ఒక డిస్క్ పెడితే రాష్ట్రం మారింది కదా అనుకుంటారు. రాష్ట్రం మారినా తుఫాను మారలేదు. మన తెలుగు కుటుంబాల్లో హైదరాబాదులోనో, బెంగళూరులోనో ఉద్యోగం చేసే పిల్లలు లేని ఇల్లు అరుదు. పండగకు వచ్చినప్పుడు ఒక డిస్క్ ఇచ్చి పంపి, వచ్చే పండగకు పాతదాన్ని తెప్పించుకొని దాని బదులు ఇంకోటి ఇచ్చి పంపితే, తీరానికి వందల కిలోమీటర్ల దూరంలో ఒక కాపీ దాదాపు ఎప్పుడూ ఉంటుంది. అది ఎన్‌క్రిప్ట్ చేసినదై ఉండాలి. రైల్లో సంచి పోయినా పరాయివాళ్ల పెళ్లి ఫోటోలు బజారున పడకూడదు.

క్లౌడ్ ఉండగా ఈ రైలు ప్రయాణాలెందుకని కుర్రకారు అడుగుతారు. అప్‌లోడ్ వేగం సెకనుకు 20 మెగాబిట్లు అనుకుంటే 4 టీబీ పైకి వెళ్లడానికి ఆగకుండా 18 రోజులకు పైగా పడుతుంది. ముహూర్తాల నెలలో 200 గిగాబైట్ల పెళ్లి ఒక్కటి వెళ్లడానికే 22 గంటలు. మాఘమాసంలో వరసగా పెళ్లిళ్లు చేసే స్టూడియో ఈ వరసను ఎన్నటికీ అందుకోలేదు. ఆడిటర్ ఆఫీసు సంగతి వేరు; వాళ్ల ట్యాలీ డేటా, పీడీఎఫ్‌లు కలిపినా రోజుకు కొద్ది మెగాబైట్లే, వారికి క్లౌడ్ బ్యాకప్ నిక్షేపంలా పనికివస్తుంది. సలహా అందరికీ ఒకటే కాదు, రోజుకు ఎంత కొత్త సమాచారం పుడుతుందన్నదాన్ని బట్టి మారుతుంది.

మన ప్రాంతానికే ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటుంది. ఫోల్డర్లకు తెలుగులోనూ ఒడియాలోనూ పేర్లు పెట్టుకునేవారు ఇక్కడ ఎక్కువ, ఆ అలవాటు నాకు ఇష్టం కూడా. కానీ విండోస్‌లో చక్కగా నిలిచిన పొడుగాటి పేరు ఒక్కోసారి నాస్‌కు వెళ్లేటప్పుడు కాపీ కాకుండా ఆగిపోతుంది. విండోస్ ఒక పేరులో 255 గుర్తులను ఒప్పుకుంటుంది. లినక్స్ ఫైల్ సిస్టమ్‌లు 255 బైట్లను మాత్రమే ఒప్పుకుంటాయి. అక్షరాలను కంప్యూటర్‌లో దాచే పద్ధతి అయిన యూటీఎఫ్-8లో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు, తెలుగు గుర్తుకైనా ఒడియా గుర్తుకైనా మూడు బైట్లు కావాలి, గుణింతాలూ పొల్లులూ విడివిడిగా లెక్కకు వస్తాయి. ‘శ్రీనివాస్’ కంటికి నాలుగు అక్షరాలు, పెట్టెకు పది గుర్తులు, 30 బైట్లు. వధూవరుల పేర్లు, వాళ్ల ఇంటిపేర్లు, తేదీ, మండపం పేరు కలిపి రాస్తే 255 ఇట్టే నిండుతుంది. కొన్ని పెట్టెల్లో ఎన్‌క్రిప్ట్ చేసిన షేర్‌లో ఈ హద్దు 143 బైట్లకు తగ్గుతుంది, అంటే తెలుగులో 47 గుర్తులు. బ్యాకప్ ప్రోగ్రామ్ అటువంటి ఫైళ్లను వదిలేసి, చివర్లో లాగ్‌లో ఒక వరుస రాసి ఊరుకుంటుంది. ఆ లాగ్ ఎవరూ తెరవరు. తెలుగు పేర్లు మానుకోమని నేను చెప్పను. తేదీని ఫోల్డరు పేరులో, వివరాలను లోపల ఒక చిన్న టెక్స్ట్ ఫైలులో పెట్టుకుంటే సరిపోతుంది.

మాటలన్నీ నేర్చుకోవడం మా పనా, అందుకే కదా మీకు డబ్బిస్తున్నాం అని అడిగేవారు ఉన్నారు. బిగించే పని మాదే, కానీ అడ్మిన్ అకౌంట్ ఎవరిదన్నది మీ పని. పెట్టె కొనిచ్చినవాడి సొంత ఈమెయిల్‌తో రిజిస్టర్ అయి, పాస్‌వర్డ్ అతని ఫోన్‌లో మాత్రమే ఉన్న నాస్‌లు నేను చూశాను; అతను ఊరు మారితే సొంత ఫోల్డరు అనుమతి మార్చుకోవడానికి కూడా యజమానికి దిక్కులేదు. వారంటీ గురించి కూడా ఇదే అపోహ. వారంటీ కింద వచ్చేది కొత్త డిస్క్, ఖాళీ డిస్క్. పోయిన ఫోటోలకు ఏ కంపెనీ వారంటీ ఇవ్వదు.

కాబట్టి కొటేషన్ అడిగేటప్పుడు కాగితం మీద ఇవి రాయించుకోండి: రెయిడ్ కట్టాక వాడుకోవడానికి మిగిలే టీబీ, డిస్క్ మోడల్ నంబరు, అది సీఎంఆర్ అన్న మాట, స్నాప్‌షాట్‌కు వీలైన ఫైల్ సిస్టమ్ పేరు, యూపీఎస్‌ను యూఎస్‌బీతో కలిపి ఇస్తామన్న హామీ, అడ్మిన్ అకౌంట్ మీ ఈమెయిల్ మీదే ఉంటుందన్న హామీ. పనంతా అయ్యాక డబ్బు చెల్లించేముందు ఒక డిస్క్‌ను మీ కళ్లెదుటే లాగించి పెట్టె నడుస్తుందో లేదో చూడండి, కొత్త డిస్క్ పెట్టించి రీబిల్డ్‌కు ఎన్ని గంటలు పట్టిందో రాసుకోండి, ఆ తర్వాత ఒక పాత పెళ్లి ఫోల్డరును బయటి డిస్క్ నుంచి వేరే కంప్యూటర్‌లోకి తెప్పించి ఫోటోలు తెరిచి చూడండి. దీనికి ఒప్పుకోని అమ్మకందారు ఇచ్చే తగ్గింపు ఎంతైనా సరే, ఆ కొటేషన్‌ను పక్కన పెట్టేయండి.